చివరింటి తలుపు

తెల్లారినప్పటి నుంచీ ఆయన ఆ ఒక్క పలకనే చిత్రిక పడుతున్నాడు. కుర్చీ చెయ్యి కావలసిన చెక్క పొద్దెక్కేసరికి గరిటె కాడంత అయింది. కాళ్ళ చుట్టూ పొట్టు చీలమండలు దాటి లేచింది. అయినా చెయ్యి ఆగలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన భార్య, ఆ ఇంటి కోడలికి అత్తగారు, చాలాసేపు చూసింది. ఊరుకోవడమనేది ఆవిడ వల్ల అయ్యే పని కాదు కనుక, చివరికి నోరు విప్పింది.

“అది కుర్చీకేనా, పళ్ళు కుట్టుకోడానికా?”

వడ్రంగి తలెత్తలేదు. మామూలు రోజైతే ఈపాటికి ఆయనా ఒకటి అంటించేవాడు. “నీ నాలిక గీసుకోడానికి” అనేవాడు. ఆ మాట అనిపించుకోవాలనే ఆవిడ కదిపింది. అది రాలేదు.

“నిన్న వచ్చిన దగ్గర్నుంచి ముద్ద ముట్టలేదు. పొద్దున్న ఇచ్చిన టీ తెట్టు కట్టింది. నామీద కోపమైతే నాతో చెప్పు. కోడలి మీదైతే కోడల్ని పిలుస్తాను. చెక్క మీదైతే, పాపం, అది అయిపోవచ్చింది.”

చిత్రిక మరోసారి సర్రుమంది.

నిన్న సాయంత్రం లైబ్రరీ హాల్లో జరిగింది జరిగాక ఆ ఇంట్లో మాట్లాడుతున్నది ఆవిడ ఒక్కతే. కొడుకు లారీ మీద ఎక్కడో ఉన్నాడు, ఫోన్ అందడం లేదు. కోడలు గదిలోంచి బయటికి రాలేదు. వీధి సంగతి సరేసరి. పొద్దున్న ఎదురింటాయన వచ్చి, షెడ్డులో సగం తయారైన తన తలుపు చట్రాన్ని ఇద్దరు మనుషుల చేత మోయించుకుపోయాడు. “బీడింగు ఇంకా వెయ్యలేదండీ” అని అత్తగారు అంటే, ఆవిడ భుజం మీదుగా గోడకేసి చూస్తూ, “ఫర్వాలేదు” అన్నాడు. రోజూ కరివేపాకుకో, కాస్త చక్కెరకో వచ్చే పక్కింటి పిల్ల రాలేదు. అరువు అడిగేవాళ్ళు కూడా రాని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకి ఇవాళే తెలిసింది. చాలా భయంగా ఉంది.

ఇంతకీ కోడలు చరిత్ర చదువుకున్న పిల్ల. రాజులూ యుద్ధాలూ కాదు. ఈ పేటలో మామూలు మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎలా బతికారు, ఎవర్ని కలుపుకున్నారు, ఎవర్ని వెలివేశారు అన్నది ఆమె పరిశోధన. అందులోనూ ముఖ్యంగా, ఇప్పటి ముసలివాళ్ళ చిన్నతనంలో పేటని పట్టి కుదిపిన జ్వరాల ఏడు. ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకునేది. పేరు బయటపెట్టనని ఒక్కొక్కరికీ మాట ఇచ్చేది. పుస్తకం యూనివర్సిటీకి వెళ్ళకముందే ఎవరి కథ వాళ్ళకి వినిపించాలి, అదే న్యాయం అని ఆమెకి చదువు చెప్పిన ప్రొఫెసరు నేర్పాడట. అందుకని నిన్న పేటలో అందర్నీ పిలిచింది. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు జనం.

వీధి చివర ఒకప్పుడు ఒక ఇల్లుండేది. వంతెన కట్టడానికి ఎక్కడినుంచో వచ్చిన కూలీలు అందులో ఉండేవాళ్ళు. జ్వరం తెచ్చింది వాళ్ళేనని పేటంతా నమ్మింది. చెప్పాపెట్టకుండా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారనీ, ఉత్త ఇంటినే పేటవాళ్ళు మూసేశారనీ అందరూ చెప్పే కథ. వారం తిరక్కుండా ఆ ఇంటికి నిప్పంటుకుంది. ఎలా అంటుకుందో ఎవరూ అడగలేదు. కోడలి ఫోన్లో అందరూ ఆ కథే చెప్పారు, ఒక్క గొంతు తప్ప.

ఆ గొంతునే ఆమె నిన్న హాల్లో వినిపించింది. ఉన్నదున్నట్టు కాదు, కంప్యూటర్లో వేసి, నూతిలోంచి వచ్చినట్టు మందంగా మార్చి.

“చివరింటి తలుపుకి అడ్డపలకలు వేసి మేకులు కొట్టింది నేనే. లోపల ఎవరూ లేరన్నారు. రెండో పలక కొడుతుంటే లోపల్నుంచి తట్టారు. నేను ఆగాను. పలక పట్టుకున్నాయన ‘కొట్టు’ అన్నాడు. కొట్టాను.”

గొంతు మారింది గాని, ప్రతి మాటకీ ముందు ఒక చప్పుడు మారలేదు. ప్చ్. పెదాల మధ్య మేకులు కరుచుకుని పని చేసే మనిషికి, మేకులు లేనప్పుడు కూడా మాట ముందు పెదవి చప్పరించే అలవాటు ఉంటుంది. ఈ పేటలో ఆ అలవాటు ఒక్కడికే ఉంది. మూడో ప్చ్ దగ్గర హాల్లో తలలన్నీ వడ్రంగి వైపు తిరిగాయి. ఆయన పక్కన కూర్చున్న అత్తగారి తలతో సహా.

*

కోడలు వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు కూర తరుగుతోంది. కత్తిపీట చప్పుడు మామూలుగా లేదు.

“అత్తయ్యా.”

“వింటున్నాను. ఈ ఇంట్లో చెవులు పనిచేస్తున్నది నాకొక్కదానికే.”

“నాదే పొరపాటు అత్తయ్యా. గొంతు మార్చాను. ఊరి పేరు తీసేశాను. వయసు, పని, అన్నీ తీసేశాను. ఆ చప్పుడు తీసెయ్యాలని తోచలేదు. పదిసార్లు విన్నాను, నాకు వినపడనే లేదు.”

“ఎందుకు వినపడుతుంది? ఇంట్లో గడియారం చప్పుడు మనకి వినపడుతుందా? చుట్టాలకి వినపడుతుంది.”

ఆ మాట ఓదార్పులాగే ఉంది గాని, ఓదార్చడానికి అన్నది కాదు. కోడలికి కళ్ళు నిండాయి. అత్తగారు వంకాయని రెండు చేసింది.

“ఆయన నీతో ఎప్పుడు చెప్పాడు?”

“చలికాలంలో. మీరు మీ అన్నయ్యగారింటికి వెళ్ళినప్పుడు.”

“నేను లేనప్పుడు చూసి చెప్పాడన్నమాట. బావుంది. ఇన్నేళ్ళు ఒక కంచంలో తిని ఒక మంచం మీద పడుకున్నాం. ఆయన కడుపులో ఏముందో నాకు తెలీదు. నిన్నగాక మొన్న వచ్చిన నీకు తెలుసు. నీ ఫోనుకి తెలుసు.”

“నాతో చెప్పడం తేలిక అత్తయ్యా. మీతో చెప్పడం కష్టం. అందుకే...”

“నీతులు తరవాత చెబుదువుగాని. ఆ పలక పట్టుకున్నదెవరు?”

కోడలు కింద పడ్డ వంకాయ తొడిమ ఏరింది.

“ఆయన పేరు చెప్పాడా, లేదా?”

“చెప్పారు. ఆ ముక్క వినిపించలేదు.”

“నాకు వినిపించు.”

“వినిపించలేను అత్తయ్యా. మాట ఇచ్చాను.”

“ఎవరికి? నా మొగుడికి. నా మొగుడు చెప్పింది నాకు చెప్పనని నా మొగుడికి మాటిచ్చావు. ఏం చదువమ్మా ఇది! ఇల్లు అంటుకుంటుంటే బావికి తాళం వేసే చదువు.”

“అవును, మాటిచ్చాను. నిన్న ఒకసారి తప్పాను, తెలియక. మళ్ళీ తెలిసి తప్పమంటారా?” కోడలి గొంతు మొదటిసారి లేచింది. “మావయ్యనే అడగండి. ఆయన చెప్తే వినండి. నేను మాత్రం చెప్పను. మీరు నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా సరే.”

అత్తగారు కత్తిపీట మడిచింది. పొమ్మనాలనే ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ పిల్ల వణుకుతోంది. వణుకుతూ కూడా నిలబడింది. తన కడుపున పుట్టినవాడు ఒక్కసారి కూడా తన ముందు అలా నిలబడలేదు.

“వెధవ పంతం,” అంది చివరికి. “ఈ ఇంటి నీళ్ళు వంటబట్టాయి.”

లేచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళింది. ఆయన ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

“ఇటు చూడు. నువ్వు మేకులు కొట్టావు. అప్పుడు నీకు మీసం కూడా సరిగ్గా రాలేదు. ఎవరో చెప్పారు, కొట్టావు. తప్పే. కాదనను. దానికి నీతో పాటు నేనూ ఏడుస్తాను. కాని కొట్టమన్నవాడు ఎవడు? వాడు హాయిగా ఇంట్లో ఉన్నాడు. నువ్వు ఇక్కడ చెక్కలా అరిగిపోతున్నావు. ఎవడు వాడు?”

చిత్రిక ఆగింది. ఆయన తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఆవిడ ఎన్నడూ ఎరగదు. తనని చూసి ఆయన జాలి పడుతున్నట్టుంది. తప్పు చేసినవాడు తనని తాను జాలిగా చూసుకోవాలి గాని, నన్ను చూస్తాడేమిటి, అనుకుంది.

అంతలో వీధి గేటు కిర్రుమంది.

*

అత్తగారి అన్నగారు చెప్పులు గుమ్మం బయట నీటుగా ఒక పక్కకి విడిచి లోపలికి వచ్చాడు. కలప అడితి ఆయనదే. పేటలో తగువు పడినా, తలుపు ఊడినా ముందు ఆయన దగ్గరికే వెళ్తారు. అడితి పెద్దాయన అంటే చాలు. ఆయన్ని చూడగానే అత్తగారికి ప్రాణం లేచొచ్చింది.

“వచ్చావా అన్నయ్యా! నువ్వు వస్తావని నాకు తెలుసు. ఇక గండం గట్టెక్కినట్టే. కూర్చో.”

కోడలు గదిలోంచి తొంగి చూసి, ఆయన్ని చూడగానే తలుపు పక్కకి తగ్గింది. దణ్ణం కూడా పెట్టలేదు. అత్తగారు కళ్ళతోనే చీవాట్లు పెట్టింది.

అన్నగారు కూర్చోలేదు. తిన్నగా షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి, కిందికి వంగి, పిడికెడు పొట్టు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు.

“ఎంత పొడిగా ఉందో చూడు. పొట్టు ఇంతింత పేర్చుకోకూడదు బావా. పేటంతా చెక్కపనే. ఎవడో ఒకడు బీడీ తాగి పారేస్తాడు. తరవాత ఎవర్ననుకుని ఏం లాభం?”

అత్తగారికి ఎందుకో వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. అయినా ఆయన తన అన్నగారు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. జాగ్రత్త చెప్పాడు, అంతే.

“జనం రగిలిపోతున్నారమ్మా,” అన్నాడాయన ఇటు తిరిగి. “పేటవాళ్ళందర్నీ హంతకులు చేశాడని. పిల్లల ముందు, అల్లుళ్ళ ముందు. సాయంత్రం అందరూ మీ ఇంటికి వస్తారు. నేనే రమ్మన్నాను.”

“ఇక్కడికా? ఎందుకూ?”

“విడివిడిగా వస్తే ఏం చేస్తారో చెప్పలేం. అందరూ ఒకేసారి, నేనుండగా వస్తే మంచిది కదా. నువ్వు గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెప్పు. బావకి ఏడాదిగా మతి సరిగ్గా ఉండటం లేదు, జరగనివి జరిగినట్టు మాట్లాడుతున్నాడు, అని. కట్టుకున్న పెళ్ళాం చెప్తే ఎవరు కాదంటారు? రేపటినుంచి ఎవరి పని వాళ్ళది.”

అత్తగారు మొగుడి వైపు చూసింది. మొన్న కదా, గుమ్మం పక్కన పెట్టిన ఉలిని షెడ్డంతా వెతికాడు. ఆ మాత్రం మరుపు ఎవరికి లేదు? కాస్త పెద్దది చేసి చెప్తే పోయేదేముంది? తన మాటతో నలుగురు నోళ్ళు మూస్తే, ఆయన మళ్ళీ రెండు ముద్దలు తింటాడు. ఎదురింటాయన తలుపు తిరిగొస్తుంది. పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని వస్తుంది.

“అమ్మాయ్,” అన్నాడు అన్నగారు గది వైపు. “ఆ అధ్యాయం కూడా తీసెయ్యి. ఎందుకొచ్చిన గొడవ.”

“తియ్యను పెదనాన్నగారూ.” కోడలు గుమ్మంలోకి వచ్చింది. “రికార్డు మా ప్రొఫెసరు దగ్గర కూడా ఉంది.”

“ఉండనీ. మతిలేనివాడి మాట చరిత్రలో ఎలా రాస్తారమ్మా? నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా? ఇంటావిడే అలా అన్నాక ఆ రికార్డు చిత్తుకాగితం.”

“అదీ మీ ఆలోచన,” అంది కోడలు. “మావయ్యని కాపాడటం కాదు.”

“నోర్ముయ్,” అంది అత్తగారు. “పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు.”

కోడలు నోరు మూసుకుంది. కాని కళ్ళు మూసుకోలేదు. అత్తగారి కేసే చూస్తూ నిలబడింది, మీకు ఇంకా అర్థం కాలేదా అన్నట్టు.

ఆ చూపు అత్తగారికి నచ్చలేదు.

“చెప్పు.”

ఆ మాట అన్నది వడ్రంగి. నిన్నటి నుంచి ఆ నోట వచ్చిన మొదటి మాట. ముగ్గురూ అటు తిరిగారు.

“ప్చ్. చెప్పెయ్యి. నాకు మతి లేదని చెప్పు. నేనూ ఒప్పుకుంటాను.”

“నిజంగానా?” అంది అత్తగారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

“నీకు మంచిది. ఇంటికి మంచిది.”

అన్నగారు నవ్వాడు. పెద్ద బరువు దించుకున్నట్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చూశావా! మా బావ బంగారం. మొన్న ఏదో నోరు జారాడు గాని, పెళ్ళినాడు నాకిచ్చిన మాట ఇన్నేళ్ళు నిలబెట్టుకున్నాడు. ఇప్పుడూ నిలబెట్టుకుంటున్నాడు.”



సంతోషంలో మనిషి నాలిక కాస్త వదులవుతుంది. ఆయనకి ఆ సంగతి మాట బయటపడ్డాక తెలిసింది. కుర్చీలో కదిలాడు. “మంచినీళ్ళివ్వమ్మా” అన్నాడు.

అత్తగారు కదల్లేదు.

“ఏం మాట?”

“ఏదో, పెళ్ళిలో నూరు మాటలుంటాయి. నిన్ను బాగా చూసుకుంటానని...”

“అది నాకివ్వాల్సిన మాట. నీకెందుకిచ్చాడు?”

“నువ్వు ప్రతిదానికీ ఈకలు పీకకు.”

“ఏం మాట అన్నయ్యా?”

వడ్రంగి చేతిలో పలకముక్కని బల్ల మీద పెట్టాడు. కోడలు తల దించుకుంది. ఆ ముగ్గురికీ తెలిసింది తనకొక్కదానికే తెలియదని అత్తగారికి అప్పుడు అర్థమైంది. ఆ తరవాత మిగతాది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

వడ్రంగి అప్పట్లో అడితిలో కోతపని చేసే కుర్రాడు. పిడికెడు నేల లేదు, తలదాచుకునే గూడు లేదు. ఈవిడ అడితి యజమాని చెల్లెలు. అప్పటికే వేరే సంబంధం ఒకటి మాట్లాడుతున్నారు. జ్వరాలు తగ్గీ తగ్గగానే ఆ సంబంధం వదిలేసి, అన్నగారు తన దగ్గర పనిచేసే కుర్రాడికి ఆమెనిచ్చి పెళ్ళి చేశాడు. పేటంతా ముక్కున వేలేసుకుంది. తరవాత మెచ్చుకుంది. అంతస్తు చూడలేదు, పనితనం చూశాడు, ఎంత మనసున్న మనిషి అని. ఆవిడా అదే అనుకుంది. ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు గర్వపడిందో! కోడలితో కూడా చెప్పింది. కోడలు ఆ మాట రాసుకుని కూడా ఉంటుంది.

“పలక పట్టుకున్నది నువ్వు,” అంది అన్నగారితో. గొంతు మామూలుగానే వచ్చింది. అదే ఆవిడకి ఆశ్చర్యం.

“లోపల ఎవరూ లేరు.”

“అది కాదు నేనడిగింది.”

“అమ్మ జ్వరంతో పోయింది. తరవాత నీకు తగిలింది. నీకు గుర్తుందా? ఒళ్ళు పేలిపోతోంది, నీ నోట్లో నీళ్ళు పోస్తే దిగట్లేదు. నేనేం చెయ్యను? చూస్తూ కూర్చోనా?” అన్నగారి గొంతు మొదటిసారి బొంగురుపోయింది. “నీ కోసమే చేశాను. పేట కోసం చేశాను. ఉత్త ఇంటికి పలకలు కొట్టాం. తట్టారని వీడొక్కడే అంటాడు.”

“తట్టారు,” అన్నాడు వడ్రంగి. “నువ్వూ విన్నావు బావా. వినకపోతే ‘కొట్టు’ అని ఎందుకంటావు?”

అన్నగారు లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం కొడతాడేమో అనిపించింది.

అత్తగారు ఆయన్ని పట్టించుకోలేదు. మొగుడి దగ్గరికి వెళ్ళింది. ఇంతవరకూ ప్రపంచంలో తనకి బాగా తెలిసిన ముఖం అదే. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియక ఆయన భుజం మీద అంటుకున్న పొట్టు దులిపింది.

“నన్ను నువ్వడిగావా, వాడే ఇచ్చాడా?”

“ఇచ్చాడు.”

“నీ నోటికి వేసిన తాళాన్నా నేను?”

ఆయన పెదవులు కదిలాయి. “మొదట అంతే. తరవాత కాదు. తరవాత... నీకు తెలిస్తే నువ్వు నన్నెలా చూస్తావో అని భయం. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ ఉన్నాను. అతనికి ఇచ్చిన మాట కోసం కాదు.”

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి చెప్పడం అదే. ఇంకెప్పుడైనా చెప్పుంటే ఎంత బావుండేది, అనిపించింది ఆవిడకి. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. వీధిలో అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

*

కేకలు లేవు. అదే భయం. కేకలేసే జనాన్ని ఆవిడ తిట్టి పంపగలదు. వీళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి గేటు బయట నిలబడుతున్నారు, సినిమా హాలు ముందు నిలబడినట్టు కాదు, ఆస్పత్రి ముందు నిలబడినట్టు. అద్దె ఇళ్ళవాళ్ళు, అడితి పనివాళ్ళు, స్కూలు మేష్టారు, పొద్దున్న చట్రం పట్టుకుపోయిన ఎదురింటాయన. ఎండ ఇంకా ఉంది. ఎవరి నీడ వాళ్ళ ముందు పొడుగ్గా గేటు లోపలికి పడుతోంది.

“చెప్పి వచ్చెయ్యమ్మా,” అన్నాడు అన్నగారు వెనకనుంచి. కోపం దిగమింగి మళ్ళీ మెత్తగా అయ్యాడు. “నాకోసం కాదు. ఆ షెడ్డు, ఆ ఇల్లు, లారీ మీద తిరిగే నీ కొడుకు, అందరూ చల్లగా ఉండాలి కదా.”

“అత్తయ్యా,” అంది కోడలు. అంతకన్నా ఏమీ అనలేదు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎదురుగా ఉన్న ముఖాలన్నీ తెలిసినవే. వాళ్ళ పురుళ్ళకి వెళ్ళింది, వాళ్ళ చావులకి వెళ్ళింది. మతి లేదు అన్న రెండు ముక్కలు చెప్తే చాలు, అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకి పోతారు. అందరూ అదే వినాలని వచ్చారు. ఆ ముఖాల్లో ఉన్నది కోపం కాదు, బతిమాలుకోవడం. చెప్పు తల్లీ, మేమేం చెయ్యలేదని చెప్పు, అని.

నోరు తెరిచింది. పెద్దగా చెప్దామనుకుంది గాని, మామూలు గొంతే వచ్చింది.

“మా ఆయనకి మతి బాగానే ఉంది.”

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

“నిన్న మీరు విన్నది ఆయన గొంతే. ఆయన మతి చెడి చెప్పలేదు. మతి ఉండబట్టే ఇన్నాళ్ళు నిద్రలేక చచ్చాడు. నాకిది ఇవాళే తెలిసింది. తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి. షెడ్డు తగలెయ్యాలనుకున్నవాళ్ళు, ఇదుగో, నేనిక్కడే ఉంటాను.”

మేష్టారు నేల చూపులు చూస్తున్నాడు. ఎదురింటాయన ఏదో అనబోయి, చుట్టూ చూసి, మానుకున్నాడు. ఒక్క నిమిషం ఆవిడకి, అయిపోయింది, ఇక ఏమీ జరగదు, అనిపించింది.

అప్పుడు జనం మధ్యలో దారి ఏర్పడింది. టైలరమ్మ వస్తోంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, మిషన్ మీదనుంచి లేచి వచ్చినట్టుంది. ఈవిడ అక్క ఆ రోజుల్లో చివరింటి కూలీలకి వంట చేసిపెట్టేది. వాళ్ళు పోయినరోజే ఆమె కూడా కనిపించకుండా పోయింది. వాళ్ళలో ఒకడితో లేచిపోయిందన్నారు. ఆ మాట అనని నోరు పేటలో లేదు, అత్తగారి నోటితో సహా. ఆ ఒక్క మాటతో చెల్లెలికి పెళ్ళి కాలేదు. అందరి పెళ్ళిబట్టలూ కుడుతూ ఆ మిషన్ ముందే ముసలిదైపోయింది.

టైలరమ్మ గేటు కమ్మీలు రెండు చేతులతో పట్టుకుంది. అత్తగారి వైపు కాదు, షెడ్డులోంచి వచ్చి ఆవిడ వెనక నీడలో నిలబడ్డ వడ్రంగి వైపు చూసింది.

“అక్క లేచిపోయిందన్నారయ్యా,” అంది. “నేనూ నమ్మాను. నమ్మి, నా అక్కని నేనే తిట్టుకున్నాను. ఎక్కడో పిల్లాపాపలతో ఉండే ఉంటుంది, ఒక్కసారైనా నన్ను చూడ్డానికి రాలేదే అని.”

కమ్మీలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“లోపల్నుంచి తట్టారన్నావు కదా. ఇల్లు తగలబడేదాకా నువ్వు పనిచేసే అడితి షెడ్డు ఆ ఇంటి పక్కనే ఉండేది. ఎన్నాళ్ళు తట్టారు?”

వడ్రంగి గుమ్మానికి ఆనుకున్నాడు. చెప్పడానికి ఆయన దగ్గర జవాబు ఉంది. అది ఆయన ముఖంలో అందరికీ కనిపిస్తోంది.

“తలుపు వెయ్యి,” అన్నాడు అన్నగారు.

గట్టిగా అనలేదు. కాని ఆ నిశ్శబ్దంలో గేటు బయట చివర నిలబడ్డవాడికి కూడా వినిపించింది. నిన్న హాల్లో విన్న ‘కొట్టు’ అన్న మాట గుర్తొచ్చినట్టు, జనమంతా ఒక్కసారి వడ్రంగిని వదిలేసి ఆయన వైపు తిరిగారు.

అత్తగారి చెయ్యి తలుపు మీదే ఉంది. ఆవిడ వెయ్యలేదు. టైలరమ్మ గడియ తీసుకుని లోపలికి నడిచి వస్తోంది.